వాల్రస్ ఇంజిన్ వంకరగా ఉంది, కిట్ డిఫెక్టా అని అడిగారు కదా, కాదండీ

ముందు అసలు ప్రశ్నకి జవాబు చెప్పేసి తర్వాత తీరిగ్గా సోది మొదలెడతా. మీరు, మీ అబ్బాయి కలిసి సూపర్‌మెరైన్ వాల్రస్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం, నీళ్ళ మీదా నేల మీదా దిగేది) ప్లాస్టిక్ మోడల్ కడుతున్నారు, ఇంజిన్ డబ్బా అతికించాక చూస్తే కొంచెం కుడి పక్కకి తిరిగిపోయి ఉంది, ప్రొపెల్లర్ బ్లేడ్లు నాలుగూ ఒకే లెవెల్లో లేవు, రెండు ముందుకి రెండు వెనక్కి ఉన్నాయి, ఇది డిఫెక్ట్ పీసా రిటర్న్ పెట్టాలా అన్నారు. దాంతోపాటు ఇంకో మాట కూడా అడిగారు, స్పిట్‌ఫైర్ లాంటి పేరున్న ఫైటర్ విమానం గీసిన మనిషే ఈ తాతల కాలం నాటి డబల్ రెక్కల బండిని ఎలా గీశాడు, యుద్ధంలో ఇది దేనికైనా పనికొచ్చిందా అని.

రిటర్న్ పెట్టకండి. కిట్ చేసినోడు కరెక్ట్‌గానే చేశాడు. నిజం వాల్రస్‌లో కూడా ఇంజిన్ డబ్బా 3 డిగ్రీలు కుడికి తిప్పే బిగించారు. ఎందుకంటే ప్రొపెల్లర్ గాలిని తిన్నగా తోయదు, తాడు పేనినట్టు మెలి తిప్పుతూ తోస్తుంది, ఆ మెలి తిరిగిన గాలి వెళ్ళి వెనకాల తోకకి ఒక పక్కనే ఎక్కువ తగులుతుంది, దాంతో విమానం ముక్కు ఒక పక్కకి లాగేస్తూ ఉంటుంది, పైలట్ గంటల తరబడి ఒక కాలితో రడ్డర్ (తోకలో విమానాన్ని పక్కకి తిప్పే పలక) పెడల్ తొక్కిపట్టి కూర్చోవాలి. దానికి మందుగా ఇంజిన్‌నే కాస్త వంకరగా పెట్టేశారు. బ్లేడ్ల సంగతి ఇంకా సింపుల్, అది పుట్టుకతో నాలుగు బ్లేడ్ల ప్రొపెల్లర్ కాదు, రెండేసి బ్లేడ్లున్న చెక్క ప్రొపెల్లర్లు రెండు తీసుకొచ్చి ఒకదాని వెనక ఒకటి అడ్డంగా పెట్టి ఒకే హబ్‌కి, అంటే మధ్యలో తిరిగే దిమ్మకి, బోల్టులు బిగించారు. అందుకే లెవెల్ తేడా. మీ అబ్బాయి అది కనిపెట్టాడంటే కళ్ళు మంచి షార్పే.

నా సంగతి రెండు ముక్కల్లో, నేను నేవీలో విమానాల మెయింటెనెన్స్ సైడ్ పనిచేసి రిటైరయ్యా, ఎక్కువ కాలం కొచ్చిలో సీకింగ్ హెలికాప్టర్ల మీద, ఇప్పుడు వైజాగ్‌లో ఉంటున్నా. వాల్రస్‌ని నేను రెంచ్ పట్టి విప్పలేదు, అది నేను పుట్టకముందే స్క్రాప్‌కి పోయిన బండి. కానీ సముద్రం మీద తిరిగే మెషీన్‌కి ఏం రోగాలొస్తాయో, దాన్ని గీసినోడు ఏం ఆలోచించుకోవాలో అది మాత్రం చేతులకి తగిలిన విషయమే, అందుకే ఈ బండి అంటే నాకు ఒకరకమైన పిచ్చి.

ఇప్పుడు తాతల కాలం అన్నారే, దానికొద్దాం. చాలామంది ఫోటో చూసి నవ్వుతారు. పడవకి రెక్కలు కట్టి, పైన ఇంజిన్ని వెనక్కి తిప్పి వేలాడదీసినట్టు ఉంటుంది. కానీ దాన్ని గీసింది స్పిట్‌ఫైర్ గీసిన ఆర్.జె. మిచెలే. 1931లో ష్నైడర్ ట్రోఫీ అనే విమానాల రేసు గెలిచిన ఎస్6బి సీప్లేన్ (నీళ్ళ మీద దిగే విమానం) ఆయనదే, అదే ఏడు అదే డిజైన్ గంటకి 400 మైళ్ళు దాటి వరల్డ్ రికార్డ్ కొట్టింది. అంటే స్పీడ్ అంటే ఏంటో తెలీక ఇలా గీశాడనుకోవడం తప్పు. ఆయన్ని ఇక్కడ స్పీడ్ ఎవడూ అడగలేదు.

అడిగిందెవరంటే ఆస్ట్రేలియా వాళ్ళు. వాళ్ళకి క్రూయిజర్లు అనే యుద్ధనౌకల మీద పెట్టుకుని, కాటపుల్ట్‌తో (విమానాన్ని ఓడ మీంచి విసిరే యంత్రం) గాల్లోకి విసిరి, తిరిగొచ్చాక నీళ్ళ మీద దింపి, క్రేన్‌తో మళ్ళీ ఓడ మీదకి ఎత్తుకోగలిగే విమానం కావాలి, పైగా అవసరమైతే మామూలు రన్‌వే మీద కూడా దిగాలి. దానికోసం సూపర్‌మెరైన్ కంపెనీ సౌతాంప్టన్ దగ్గర వూల్‌స్టన్‌లో తన సొంత డబ్బుతో మొదలెట్టిందే సీగల్ 5. పేరు పాత సీగల్ సిరీస్‌దే గానీ బండి దాదాపు పూర్తిగా కొత్తది. 1933 జూన్ 21న మట్ సమర్స్ అనే టెస్ట్ పైలట్ మొదటిసారి ఎగరేశాడు, తర్వాత 1936 మార్చి 5న స్పిట్‌ఫైర్‌ని మొదటిసారి ఎగరేసింది కూడా ఈయనే. ఆస్ట్రేలియా 24 కొనుక్కుంది. బ్రిటిష్ నేవీ ముందు పెద్దగా పట్టించుకోలేదు, 1935లో 12 ఆర్డర్ ఇచ్చి వాల్రస్ అని పేరు పెట్టుకుంది, ఆ 12 కాస్తా యుద్ధం అయ్యేసరికి అన్నీ కలిపి 740 దాకా వెళ్ళింది.

ఇప్పుడు మీరే ఇంజినీర్ అనుకోండి. ఓడ మీద హ్యాంగర్ అంటే మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ పార్కింగ్ లాంటిది, అంగుళం అంగుళం కొట్లాటే. విమానం అందులో పట్టాలి, కాబట్టి రెక్కలు పొడుగ్గా ఉండకూడదు. కానీ అలల మీద దిగాలంటే చాలా మెల్లగా దిగాలి, మెల్లగా దిగాలంటే రెక్కల వైశాల్యం ఎక్కువ కావాలి. పొడుగు వద్దు, వైశాల్యం కావాలి, ఏం చేస్తారు? ఒకదాని మీద ఒకటి రెండు అంతస్తులు వేస్తారు. అదీ సంగతి. రెక్కలు విప్పితే దాదాపు 14 మీటర్లు, వెనక్కి మడిస్తే అయిదున్నర మీటర్ల లోపు. పైగా రెండు రెక్కల మధ్య కర్రలు, తీగలు బిగించి ఉండటం వల్ల పెట్టెలాగా గట్టిగా ఉంటుంది, కాటపుల్ట్ దెబ్బకి తట్టుకోవాలంటే ఆ గట్టితనమే కావాలి. అప్పట్లో కాటపుల్ట్ అంటే కార్డైట్ అనే మందు పేల్చి తోసేది, విమానం ఎగిరినట్టు ఉండదు, ఫిరంగిలోంచి గుండు వచ్చినట్టే. ఫుల్ యుద్ధ లోడ్‌తో కాటపుల్ట్ మీంచి వెళ్ళిన మొదటి ఆంఫీబియన్ (నీళ్ళ మీదా నేల మీదా దిగేది) ఇదే.

ఇంజిన్ వెనక్కి తిప్పి ఎందుకు పెట్టారంటే, ముందు ప్రొపెల్లర్ ఉంటే నీళ్ళ మీద పరిగెత్తేటప్పుడు లేచే తుంపరంతా దాని మీదే పడుతుంది, చెక్క బ్లేడ్లని ఆ నీళ్ళు ఉలితో చెక్కినట్టు చెక్కేస్తాయి. ఇంకో లాభం, ముందు భాగం ఖాళీగా దొరుకుతుంది, ఒక మనిషి ముక్కు దగ్గర హ్యాచ్ తెరుచుకుని లేచి నిలబడి తాడు విసరొచ్చు, తల ఎగిరిపోతుందన్న భయం లేకుండా. ఈ ముందు హ్యాచ్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇంజిన్ బ్రిస్టల్ పెగసస్, మొదట్లో 600 చిల్లర హార్స్‌పవర్, తర్వాత 750 దాకా. టాప్ స్పీడ్ గంటకి 135 మైళ్ళు అని పేపర్ మీద, మామూలుగా తిరిగేది 95 దగ్గర. నీళ్ళు వేడి ఇంజిన్ మీద పడి ఆవిర్లు లేస్తుంటే చూసి నేవీ వాళ్ళు దీనికి ఆవిరి పావురం అని పేరు పెట్టారు, ఇంకో పేరు షాగ్‌బాట్, అదే ఎక్కువ ఫేమస్.

కానీ లోపల మాత్రం ఇది పాతకాలం కాదండీ, అక్కడే జనం పొరపడతారు. పూర్తిగా లోపలికి ముడుచుకునే చక్రాలు, సిబ్బంది మొత్తానికి మూసిన క్యాబిన్, మొత్తం లోహంతో చేసిన బాడీ, ఈ మూడూ ఒకే విమానంలో పెట్టుకుని బ్రిటిష్ స్క్వాడ్రన్లలోకి వచ్చిన మొదటిది ఇదే. స్పిట్‌ఫైర్ కంటే ముందు! బయటికి ఎడ్లబండి, లోపల కొత్త కారు.

నాకు అన్నిటికంటే నచ్చేది కంట్రోల్ స్టిక్. ఎడమ సీట్లో పైలట్ ఉంటాడు, కుడి పక్క రెండో సీటు. క్యాబిన్ నేల మీద ఒక్కో సీటు ముందు ఒక్కో సాకెట్ ఉంటుంది, స్టిక్ మాత్రం మామూలుగా ఒక్కటే వాడేవాళ్ళు. పైలట్‌కి చేతులు నొప్పెట్టి కాసేపు నువ్వు నడుపు అనాలంటే స్టిక్ ఊడబీకి పక్కవాడి చేతిలో పెట్టడమే, వాడు తన సాకెట్‌లో గుచ్చుకుంటాడు. గాల్లో! మన వైపు పెళ్ళి బస్సులో మైకు చేతులు మారినట్టు. ఆ మధ్యలో రెండు సెకన్లు విమానాన్ని నడిపేది దేవుడే. ఆ కుడి సీటు కూడా మడత పెట్టేయొచ్చు, దాని కిందుగా పాక్కుంటూ ముక్కు దగ్గర గన్ దాకా వెళ్ళేవాళ్ళు. సామాన్ల లిస్టులో లంగరు, తాళ్ళు, పడవ కొక్కెం కూడా ఉండేవి, అంటే గాల్లో ఉన్నప్పుడు ఎయిర్‌ఫోర్స్ తెలివి, నీళ్ళలో ఉన్నప్పుడు జాలరి తెలివి, రెండూ కావాలన్నమాట.

ఇంకో కథ. మొదటిసారి ఎగిరిన అయిదు రోజులకే లండన్‌లోని హెండన్‌లో విమానాల షో పెట్టారు, అక్కడ సమర్స్ ఈ పడవని తీసుకెళ్ళి గాల్లో లూప్ కొట్టేశాడు. మిచెల్ కింద నుంచి చూస్తున్నాడు, ఆయన లెక్కల్లో ఇది లేదు, నోరెళ్ళబెట్టాడంట. దానికి అంత బలం ఉంది మరి. కాకపోతే తర్వాత సర్వీస్‌లో ఎవరూ ఈ పని రెండోసారి చేయడానికి ఇష్టపడేవారు కాదు, ఎందుకో తెలుసా, పడవ అడుగున ఎప్పుడూ కాస్త మురికినీళ్ళు చేరి ఉంటాయి, తలకిందులైతే ఆ నీళ్ళన్నీ వచ్చి నెత్తి మీదే పడతాయి.

ఆ అడుగు నీళ్ళ దగ్గర నా గోడు కూడా ఒకటి చెప్పుకుంటా. సీకింగ్ అడుగు భాగం కూడా పడవ షేపే, సముద్రం మీద తక్కువ ఎత్తులో ఆగి పనిచేసి వస్తే బాడీ అంతా ఉప్పు తుంపరే. రాగానే మంచినీళ్ళతో కడగాలి, అది రూల్. కొత్తలో ఒక రాత్రి షిఫ్ట్‌లో నేను పైపైన కడిగి, ఒక ప్యానెల్ వెనకాల సందు వదిలేశా, ఎవడు చూస్తాడులే అని. కొన్ని వారాల తర్వాత ఆ ప్యానెల్ విప్పితే లోపల రివెట్ల చుట్టూ తెల్లగా పిండి, ముగ్గు చల్లినట్టు. వేలితో గీరితే అల్యూమినియమే పొడిపొడిగా రాలింది. మా చీఫ్ తిట్టలేదు, ఆ పొడి నా అరచేతిలో పోసి సాయంత్రం దాకా పట్టుకుని నిలబడమన్నాడు. ఆరోజు నుంచి సందులు వదల్లేదు. ఇదంతా ఎందుకంటే వాల్రస్ మొదటి రకం బాడీ కూడా అల్యూమినియం మిశ్రమమే, రోజూ ఉప్పునీళ్ళలో మునిగే అల్యూమినియం అంటే దాని మెకానిక్‌ల బతుకు ఎలా ఉండేదో నేను ఊహించగలను. తర్వాత సూపర్‌మెరైన్ మొత్తం స్పిట్‌ఫైర్ పనిలో పడిపోయాక వాల్రస్ తయారీ సాండర్స్-రో అనే విమానాలు, పడవలు కట్టే కంపెనీకి ఇచ్చేశారు, సగం కంటే ఎక్కువ వాళ్ళే కట్టారు, వాళ్ళు రెండో రకానికి చెక్క బాడీ పెట్టారు. బరువు కాస్త పెరిగింది గానీ కొరతగా ఉన్న అల్యూమినియం మిగిలింది. మీ కిట్ ఏ రకమో పెట్టె మీద చూసుకోండి, ఒకటా రెండా అని.

దిగి ఓడెక్కడం ఎలాగో చెప్తా, అది అసలు సర్కస్. సముద్రం ప్రశాంతంగా ఉంటే గొడవే లేదు. అలలుంటే మాత్రం ఓడ కెప్టెన్ సరిగ్గా విమానం దిగబోయే ముందు ఓ 20 డిగ్రీలు ఓడని తిప్పుతాడు, అంత పెద్ద ఓడ తిరిగితే గాలికి చాటున్న వైపు కాసేపు నీళ్ళు నూనె పోసినట్టు చదునుగా అవుతాయి. ఆ కాసేపట్లోనే దిగాలి, మళ్ళీ అలలు లేవకముందే పరుగున ఓడ పక్కకి చేరాలి. అప్పుడు సిబ్బందిలో ఒకడు పై రెక్క మీదకి ఎక్కుతాడు, ఇంజిన్‌కి సరిగ్గా పైన రెక్కలో ఒక చిన్న అర ఉంటుంది, అందులోంచి ఎత్తే గొలుసులు తీసి, నెత్తి మీద ఊగుతున్న క్రేన్ కొక్కేనికి తగిలించాలి. కింద బండి ఊగుతుంది, పైన కొక్కెం ఊగుతుంది, కాళ్ళ కింద ప్రొపెల్లర్ తిరుగుతుంది. నేను చేయనండీ, నిజంగా చెప్తున్నా.

యుద్ధంలో ఏం చేసింది అంటే, మొదట్లో దీని పని కళ్ళు. ఓడకి కనపడని దూరం చూసి రావడం, ఓడ గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చెప్పడం. ఆ పనిలో ఫైటర్ ఎదురుపడితే దీనికి దిక్కులేదు, 1940 సెప్టెంబర్‌లో పశ్చిమ ఆఫ్రికాలో డాకర్ దగ్గర ఆస్ట్రేలియా అనే క్రూయిజర్ తాలూకు విమానం గుండ్లు చూస్తూ ఉండగా కూల్చేశారు, ముగ్గురూ పోయారు. అప్పుడప్పుడు బాంబులు కూడా వేసింది, అదే ఏడు ఆగస్టులో హోబార్ట్ ఓడ వాల్రస్ వెళ్ళి సోమాలియా తీరంలో జీలాలో ఇటలీ వాళ్ళ హెడ్‌క్వార్టర్స్ మీద బాంబులేసి మెషిన్‌గన్‌తో కొట్టి వచ్చింది. పడవ పోయి ఆఫీసు మీద దాడి చేసింది అన్నమాట.

మన వైపు సముద్రానికి దగ్గరగా జరిగిన కథ ఒకటుంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. పింగ్విన్ అని జర్మన్ రైడర్ ఓడ, బయటికి మామూలు సరుకుల ఓడలాగా రంగులేసుకుని, దొంగ పేర్లు పెట్టుకుని హిందూ మహాసముద్రంలో తిరుగుతూ వ్యాపార ఓడల్ని ముంచేది. 1941 మే 8న బ్రిటిష్ క్రూయిజర్ కార్న్‌వాల్ దాన్ని పట్టుకుంది, వాల్రస్ ముందు వెళ్ళి వెతికి చూసింది, ఆ ఓడ నేను నార్వే వాళ్ళ టామర్లేన్‌ని అని జెండాలతో చెప్పింది, కెప్టెన్ నమ్మలేదు. దగ్గరికి వెళ్ళాక కాల్పులు మొదలై చివరికి పింగ్విన్ పేలిపోయింది, అందులో సముద్రంలో పెట్టే మైన్లు ఉన్నాయి. బాధేంటంటే దాని అడుగున అది ముంచిన ఓడల నావికులు 200 మందికి పైగా బందీలుగా ఉన్నారు, అందులో చాలామంది మన దేశపు లస్కర్లు, అంటే బ్రిటిష్ ఓడల్లో పనిచేసే నావికులు, బతికి బయటపడింది కొద్దిమందే. ఆ కార్న్‌వాల్‌ని కూడా 1942 ఏప్రిల్ 5న సిలోన్ దగ్గర జపాన్ విమానాలు ముంచేశాయి. మర్నాడే వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మా పెద్దవాళ్ళు ఊళ్ళు ఖాళీ చేసి పరిగెత్తిన రోజు అని చెప్పుకునేది ఆ రోజే.

తర్వాత రాడార్ వచ్చేసింది. ఓడ మీద కూర్చునే దూరం చూడగలిగితే ఇక ఈ పెట్రోల్ ట్యాంకులు, కాటపుల్టు, హ్యాంగరు ఎందుకు దండగ, ఆ జాగాలో ఇంకో నాలుగు విమాన విధ్వంసక గన్లు పెట్టుకోవచ్చు అనుకున్నారు. 1943 కల్లా క్రూయిజర్ల మీంచి దింపేయడం మొదలైంది. అంటే ఏ పని కోసం గీశారో ఆ పని పోయింది. ఇక్కడితో కథ అయిపోవాలి.

కానీ అదే టైంలో ఇంగ్లిష్ చానల్‌లో రోజూ పైలట్లు పడుతున్నారు. చలికాలం ఆ నీళ్ళలో మనిషి ఎక్కువసేపు బతకడు, పడవ వచ్చేలోపు పోతాడు. ఎయిర్‌ఫోర్స్ రెస్క్యూ స్క్వాడ్రన్లు పెట్టి వాల్రస్‌లు తెచ్చుకుంది. వేరే విమానాలు వెతికి, రబ్బరు డింగీ (గాలి నింపే చిన్న పడవ) జారవిడిచి, చోటు చెప్తాయి, వాల్రస్ వెళ్ళి పక్కన దిగుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే ముందు హ్యాచ్, ఇప్పుడు చూడండి. పైలట్ గాలికి ఎదురుగా మెల్లగా డింగీ దగ్గరికి తీసుకొస్తాడు, ఒకడు హ్యాచ్‌లోంచి నడుము దాకా బయటికి వంగి కొక్కెంతోనో తాడుతోనో పట్టుకుంటాడు. డింగీలో ఉన్నవాడికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి, తాడు చేతికిచ్చినా పట్టుకోలేడు, బట్టలు నీళ్ళు పీల్చి రెట్టింపు బరువు. వాణ్ణి చొక్కా కాలర్ పట్టి లాగి లోపల పడేయాలి. ప్రొపెల్లర్ వెనకెక్కడో పైన ఉంది కాబట్టే ఈ పని సాధ్యం. అదే ముందు ఉండే బండి అయితే కాపాడటానికి పోయి నరికినట్టయ్యేది.

ఒక్కోసారి జనం ఎక్కువైపోయి, అలలు ఎక్కువైపోయి ఎగరలేకపోయేది, అప్పుడు ఇంజిన్ వేసుకుని పడవలాగే సముద్రం మీద మైళ్ళకి మైళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చేది, లేదా ఎదురొచ్చిన రెస్క్యూ లాంచీకి మనుషుల్ని అప్పజెప్పేది. ఈ లెక్కన వెయ్యి మందికి పైగా విమాన సిబ్బందిని లాగారు, ఒక్క 277 స్క్వాడ్రన్ లెక్కే 598. మీరు పనికొచ్చిందా అన్నారు, ఆ 598 మందిలో ఒకడి ఇంట్లో అడగాలి ఆ ప్రశ్న. మిచెల్ ఇదేదీ చూడలేదు, 1937 జూన్‌లోనే క్యాన్సర్‌తో పోయాడు, 42 ఏళ్ళకే. కూలిపోయిన స్పిట్‌ఫైర్ పైలట్‌ని వాల్రస్ వచ్చి తీసుకెళ్తుంటే రెండూ ఆయనవే అని వాళ్ళకి తెలిసి ఉంటుందో లేదో.

సుఖంగా ఉండేదా అంటే అస్సలు కాదు, అలెక్స్ హెన్‌షా అనే పేరున్న టెస్ట్ పైలట్ తను నడిపిన వాటిల్లో ఇంత గోల, ఇంత చలి, ఇంత ఇబ్బంది పెట్టింది ఇంకోటి లేదన్నాడు. కానీ గడ్డి మీద చక్రాలు కిందకి దించకుండా దింపినా పెద్దగా ఏమీ కాదు అని కూడా అన్నాడు.

చిల్లర కథలు చాలా ఉన్నాయి. ఐర్లండ్ వాళ్ళ దగ్గర మూడు ఉండేవి, 1942 జనవరిలో నలుగురు ఐరిష్ వాళ్ళు జర్మన్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరతామని ఒకదాన్ని దొంగిలించి ఎగిరారు, 95 మైళ్ళ స్పీడ్‌లో పారిపోవడం ఏంటో, స్పిట్‌ఫైర్లు వచ్చి చుట్టుముట్టి ఇంగ్లండ్‌లో సెయింట్ ఇవల్‌లో దింపేశాయి. ఆ విమానమే ఇప్పుడు యోవిల్టన్ మ్యూజియంలో ఉంది. ఆస్ట్రేలియాది ఒకటి 1947లో అంటార్కిటికా దారిలో హెర్డ్ ఐలాండ్ తీసుకెళ్తే తుఫాను గాలికి నుజ్జయిపోయింది, ఏళ్ళ తర్వాత ఆ ముక్కలు తెచ్చి పాయింట్ కుక్ మ్యూజియంలో బాగుచేసి పెట్టారు. ఇంకొకటి లండన్‌లో హెండన్‌లో.

వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద మన నేవీ పాత విమానం టియూ-142 చూడొచ్చు గానీ వాల్రస్ మన దేశంలో చూడటానికి లేదు. అయితే ఒక మాట, మన నేవీ మొట్టమొదట కొన్న విమానం కూడా నీళ్ళ మీద, నేల మీద రెండు చోట్లా దిగేదే, షార్ట్ సీలాండ్, 1953లో కొచ్చికి వచ్చాయి, మొత్తం పది. అది డబల్ రెక్కలది కాదు, కానీ కడిగే పని మాత్రం అదే.

ఇక మీ కిట్ సంగతి. అబ్బాయి దాన్ని నీలం నీళ్ళ బేస్ చేసి అలల మీద పెట్టాలనుకుంటున్నాడు అన్నారు, బావుంది. కానీ మీరు పెట్టిన ఫోటోలో చక్రాలు కిందకి అతికించేసి ఉన్నాయి. 1935లో నెల్సన్ యుద్ధనౌక దగ్గర అడ్మిరల్ రోజర్ బ్యాక్‌హౌస్‌ని లోపల కూర్చోబెట్టుకుని పైలట్ సరిగ్గా ఇదే చేశాడు, చక్రాలు కిందకి ఉన్నాయని మర్చిపోయి నీళ్ళ మీద దింపాడు, చక్రాలు నీళ్ళని పట్టేసి బండి అక్కడికక్కడే పల్టీ కొట్టింది. అదృష్టం కొద్దీ అందరికీ చిన్న దెబ్బలే, విమానాన్ని కూడా రిపేర్ చేసి మళ్ళీ వాడారు. ఆ తర్వాతే చక్రాలు పైనున్నాయా కిందున్నాయా అని చూపించే మీటర్ కాక్‌పిట్‌లో పెట్టారు. కాబట్టి జిగురు ఇంకా పూర్తిగా ఎండకపోతే బ్లేడ్‌తో జాగ్రత్తగా ఊడదీసి రెక్కలో ఉన్న గుంటలో అతికించండి. ఎండిపోతే మాత్రం నీలం బేస్ మానేసి కింద గడ్డి వేయించండి.